యువ బాస్కెట్‌బాల్ వినిమయ యాత్ర

యువ బాస్కెట్‌బాల్ వినిమయ యాత్ర అనగా పాఠశాల లేదా క్లబ్బు స్థాయి బాస్కెట్‌బాల్ క్రీడాకారులు మరొక దేశానికి వెళ్ళి, అక్కడి జట్లతో కలిసి ఆడుతూ, హోటళ్ళలో కాక స్థానికుల ఇళ్ళలో బస చేసే ప్రయాణం. ఇలా బస ఇచ్చే ఇంటిని ఆతిథేయ కుటుంబం అంటారు. యాత్రలో పోటీ ఒక భాగం మాత్రమే. ఆ ఇంటి భోజనం, ఆ ఇంటి నియమాలు, ఆ ఊరి బడి అన్నీ యాత్రలో భాగమే. వీటిలో స్థూలంగా రెండు రకాలు కలవు. మొదటిది జట్టు మొత్తం కోచ్‌తో కలిసి రెండు మూడు వారాల పాటు వెళ్ళి వచ్చే యాత్ర. రెండవది ఒక్కొక్క విద్యార్థి విడిగా వెళ్ళి, ఒక విద్యా సంవత్సరం పాటు అక్కడి ఉన్నత పాఠశాలలో చదువుతూ ఆ పాఠశాల జట్టులో ఆడటం. రెండింటికీ వర్తించే వీసాలు, నియమాలు, ఖర్చులు వేరు వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోతుంటారు.

ఈ వ్యాసంలో ఇటువంటి యాత్రల పుట్టుక, నియమాలు, ఆటలోని తేడాలతో పాటు ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలకు వర్తించే విషయాలు వివరించబడినవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో ఆదిలాబాద్ జిల్లా నుండి నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడినవి. కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, కొన్ని మండలాలు ఇతర జిల్లాలలో కలిసినవి.

చరిత్ర

బాస్కెట్‌బాల్ ఆట పుట్టుకలోనే ఒక ప్రయాణం ఉన్నది. 1891 డిసెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించాడు. చలికాలంలో గది లోపల ఆడుకోవడానికి పీచు పండ్ల బుట్టలను బాల్కనీకి బిగించి, 13 నియమాలతో దీనిని మొదలుపెట్టాడు. మరుసటి సంవత్సరమే సెండా బెరెన్‌సన్ స్మిత్ కళాశాలలో అమ్మాయిల చేత ఆడించింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శిక్షణ పొందిన వై.ఎం.సి.ఏ. ఉపాధ్యాయులు వెళ్ళిన దేశమల్లా ఆటను వెంట తీసుకొనిపోయారు. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. దక్షిణ భారతదేశంలో వ్యాయామ ఉపాధ్యాయుల తొలి తరాలు తయారైనది అక్కడనే. భారతదేశంలో పురుషుల మొదటి జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో జరిగినవి. భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య 1950లో ఏర్పడినది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో భారత పురుషుల జట్టు పాల్గొన్నది.

ఇంటిలో బస చేసే పద్ధతి ఆటతో సంబంధం లేకుండా, వేరే దారిలో వచ్చినది. 1932లో డోనాల్డ్ వాట్ అనే అమెరికన్ ‘ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇంటర్నేషనల్ లివింగ్’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించాడు. వేరొక దేశస్థుల మధ్య నివసిస్తేనే వారు అర్థమవుతారన్నది ఆయన ఆలోచన. యువకులను ఐరోపా కుటుంబాలలో ఉంచడం దీనితో వ్యాప్తిలోకి వచ్చినది. 1934లో ఈ కార్యక్రమం ద్వారా జర్మనీ వెళ్ళిన సార్జెంట్ శ్రైవర్ తరువాత 1961లో ఏర్పడిన పీస్ కోర్‌కు మొదటి అధిపతి అయ్యాడు. మరొక పెద్ద సంస్థ ఎ.ఎఫ్.ఎస్. దీని మూలం మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నది. 1915లో ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడిన సైనికులను చేరవేసిన అమెరికన్ అంబులెన్సు స్వచ్ఛంద సేవకులదే ఆ సంస్థ. రెండు యుద్ధాలను చూసిన ఆ డ్రైవర్లు 1947 నుండి ఉన్నత పాఠశాల విద్యార్థులను దేశాల మధ్య పంపడం మొదలుపెట్టారు. రోటరీ క్లబ్బుల యువజన వినిమయం 1920వ దశకంలో ఫ్రాన్సులోని నీస్ నగరంలో మొదలైనది. రోటరీ పద్ధతిలో సంవత్సర కాలపు విద్యార్థి సాధారణంగా ఒకే ఇంట్లో కాక, ఒకటి కంటే ఎక్కువ కుటుంబాలలో వంతుల వారీగా ఉంటాడు.

2001 సెప్టెంబరు దాడుల తరువాత సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్‌ల చొరవతో 2002లో అమెరికా ప్రభుత్వం కెన్నెడీ-లూగర్ యువజన వినిమయ కార్యక్రమాన్ని ప్రారంభించినది. ముస్లిం జనాభా గణనీయంగా గల దేశాల విద్యార్థులకు ప్రభుత్వ ఖర్చుతో ఒక విద్యా సంవత్సరం అమెరికాలో చదివే అవకాశం ఇది. భారతదేశంలో దీనిని ఎ.ఎఫ్.ఎస్. ఇండియా నిర్వహిస్తున్నది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు కూడా దీనికి ఎంపికైనారు. డబ్బు లేని ఇంటి పిల్లలకు ఆతిథేయ కుటుంబంలో ఉండి చదివే దారులలో ఇది ముఖ్యమైనది. ఇది క్రీడా కార్యక్రమం కాదు. అయితే వెళ్ళిన విద్యార్థి అక్కడి పాఠశాల జట్టు ఎంపికలకు హాజరు కావచ్చును.

భారతీయ బాలల విదేశీ బాస్కెట్‌బాల్ ప్రయాణాలు

భారతదేశం నుండి బాస్కెట్‌బాల్ కోసమే పిల్లలు దీర్ఘకాలం విదేశం వెళ్ళిన ప్రసిద్ధ ఉదాహరణ 2010 నాటిది. ఆ సంవత్సరం ఐ.ఎం.జి. రిలయన్స్ ఉపకార వేతనంతో నలుగురు బాలురు, నలుగురు బాలికలు ఫ్లోరిడా రాష్ట్రం బ్రేడెంటన్‌లోని ఐ.ఎం.జి. అకాడమీకి వెళ్ళారు. వారిలో పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన సత్నాం సింగ్ భమారా 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టుకు 52వ ఎంపికగా నిలిచాడు. ఎన్.బి.ఏ. ఎంపికలో పేరు వచ్చిన తొలి భారతీయుడు ఇతడే. వెళ్ళిన నాటికి అతనికి ఇంగ్లీషు దాదాపు రాదు. అయితే ఆ పిల్లలు ఉన్నది వసతి గృహంలో, కుటుంబాలలో కాదు.

ఎన్.బి.ఏ., ఫిబాలు కలిసి 2001లో మొదలుపెట్టిన ‘బాస్కెట్‌బాల్ వితౌట్ బార్డర్స్’ శిబిరం 2008లో ఢిల్లీలో జరిగినది. అమెరికా విదేశాంగ శాఖ క్రీడా సందర్శక కార్యక్రమాలు కూడా యువ క్రీడాకారులను, కోచ్‌లను కొద్ది వారాలకు పిలుస్తుంటాయి. వీటిలోనూ బస ఎక్కువగా హోటళ్ళలో లేదా వసతి గృహాలలోనే. అందుచేత ‘అమెరికాలో బాస్కెట్‌బాల్ శిక్షణ’ అన్న ప్రతి ప్రకటనా ఆతిథేయ కుటుంబ యాత్ర కాదని గ్రహించవలెను.

ఆతిథేయ కుటుంబం

అమెరికాలో ఉన్నత పాఠశాల వినిమయ విద్యార్థికి ఇచ్చే వీసా జె-1. దాని నిబంధనల ప్రకారం కార్యక్రమం మొదలయ్యే నాటికి విద్యార్థి వయస్సు 15 సంవత్సరాలకు తక్కువ కాకుండా, 18 సంవత్సరాల 6 నెలలకు మించకుండా ఉండాలి. శిశు తరగతులను వదలి 11 సంవత్సరాలకు మించి చదివి ఉండరాదు. మన లెక్కలో ఇది సుమారుగా పదవ తరగతి నుండి ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం ముగిసే లోపు కాలం. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆలస్యంగా బడిలో చేరిన పిల్లలకు ఈ వయో పరిమితి ఇరుకుగా ఉంటుంది.

ఈ తరగతి విద్యార్థులకు బస ఇచ్చే అమెరికన్ కుటుంబానికి డబ్బు చెల్లించరు. ఆ కుటుంబం నెలకు 50 డాలర్ల వరకు పన్ను మినహాయింపు కోరవచ్చును, అంతే. ఇంట్లోని పెద్దలందరి నేర చరిత్రను పరిశీలిస్తారు. ఇంటికి వెళ్ళి ముఖాముఖి మాట్లాడతారు, ఇంటి ఫోటోలు తీస్తారు. విద్యార్థికి విడిగా మంచం ఉండాలి. గది పంచుకోవలసి వస్తే తన లింగానికే చెందిన ఒక్కరితో మాత్రమే పంచుకోవాలి. సంస్థ తరఫు స్థానిక సమన్వయకర్త విద్యార్థి ఉండే చోటుకు 120 మైళ్ళ లోపు నివసిస్తూ, నెలకు ఒకసారి అయినా విద్యార్థితోనూ, కుటుంబంతోనూ మాట్లాడాలి.

ఈ నియమాలలో కొన్ని ఇంత కఠినంగా మారడానికి కారణం ఉన్నది. 2009లో పెన్సిల్వేనియా రాష్ట్రం స్క్రాంటన్ పట్టణంలో పలువురు వినిమయ విద్యార్థులను మురికి ఇళ్ళలో, సరిపడ తిండి లేని స్థితిలో ఉంచిన సంగతి బయటపడినది. ఆ తరువాత విదేశాంగ శాఖ 2010లో నిబంధనలను సవరించినది. కుటుంబం నచ్చకపోతే మార్చమని అడిగే హక్కు విద్యార్థికి ఉన్నదన్న విషయం బయలుదేరే ముందే పిల్లలకు స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది. ‘వాళ్ళేమనుకుంటారో’ అని ఊరుకోవడం మన ఇళ్ళలో మర్యాదగా చెలామణి అవుతుంది గాని, పరాయి దేశంలో అది ప్రమాదం.

జట్టుతో వెళ్ళే స్వల్పకాలిక యాత్రలకు ఇంత పకడ్బందీ చట్టం వర్తించదు. అవి సాధారణంగా సందర్శక వీసాపై జరుగుతాయి, ఆతిథేయులను అక్కడి క్లబ్బు లేదా పాఠశాల ఎంచుతుంది. కనుక అక్కడి పరిశీలన ఎలా జరిగినదో అడిగి తెలుసుకొనే బాధ్యత పంపే వారిదే. ఒక్కొక్క ఇంట్లో ఇద్దరిద్దరిని ఉంచడం మంచి పద్ధతి. సందర్శక వీసాపై వెళ్ళి అక్కడి పాఠశాలలో చేరడం నిషిద్ధం.

ఇంటి లోపలి జీవితం

మొదటి వారంలో వచ్చే చిక్కులు పెద్ద విషయాల వల్ల కాక చిన్న అలవాట్ల వల్ల వస్తాయి. తెలుగు ఇళ్ళలో అతిథి మొదటిసారి వడ్డించబోతే వద్దంటాడు, రెండవసారీ వద్దంటాడు, మూడవసారి తింటాడు. అమెరికన్ గృహిణి మొదటి ‘వద్దు’నే నిజమని నమ్మి గిన్నె తీసివేస్తుంది. ఆకలితో పడుకున్న పిల్లవాడు తనకు అన్నం పెట్టలేదనుకుంటాడు, ఆమె తన వంట నచ్చలేదనుకుంటుంది. తల ఊపడంలోనూ ఇదే గొడవ. మన వైపు అవునంటూ తలను అటూ ఇటూ ఆడించడం అక్కడి వారికి కాదన్నట్లు కనబడును.

పెద్దవారిని పేరు పెట్టి పిలవమంటే తెలంగాణ పిల్లలకు నోరు రాదు. కొందరు కొద్ది రోజులకు ‘మామ్’, ‘డాడ్’ అనడం అలవాటు చేసుకుంటారు. మరికొందరు సంవత్సరమంతా ఏ పేరూ పెట్టకుండానే గడిపేస్తారు. కుక్కలు, పిల్లులు ఇంట్లో మంచాల మీద తిరగడం, స్నానానికి బకెట్టు, చెంబు లేకపోవడం, రాత్రి భోజనం సాయంత్రం ఆరింటికే ముగియడం, తిన్న పళ్ళెం తానే కడిగే యంత్రంలో పెట్టవలసి రావడం మొదలైనవి ముందుగా చెబితే చాలు, పెద్ద ఇబ్బంది ఉండదు. ఇంటి పనిలో పాలు పంచుకోమంటే అది అవమానం కాదని, ఇంటి మనిషిగా చూస్తున్నారనడానికి గుర్తని బాలురకు ప్రత్యేకించి చెప్పవలసి ఉంటుంది.

ఆహారం విషయంలో గొడ్డు మాంసం, పంది మాంసం తినని వారు, శాకాహారులు, హలాల్ పాటించేవారు దరఖాస్తులోనే ఆ సంగతి వ్రాయాలి. కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలలో ముస్లిం కుటుంబాలు ఎక్కువే కనుక ఇది అరుదైన విషయం కాదు. రంజాన్ ఉపవాసాలు ఆటల కాలంలో వస్తే కోచ్‌కు ముందే తెలియజేయాలి. తలకు వస్త్రం కట్టుకొని ఆడటంపై అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్యకు ఉన్న నిషేధం 2017లో తొలగిపోయినది. వెంట తీసుకువెళ్ళే తినుబండారాలలో సకినాలు, గారెలు వంటివి సులభం. మాంసపు పచ్చళ్ళను మాత్రం అమెరికా సుంకాధికారులు విమానాశ్రయంలోనే తీసివేస్తారు. ఆతిథేయులకు కానుకగా కరీంనగర్ వెండి తీగ పని వస్తువులు, నిర్మల్ బొమ్మలు తేలికగా సంచిలో పడతాయి.

విద్యా సంవత్సరం ఆగస్టు ప్రాంతంలో మొదలవుతుంది కనుక మొదటి బెంగ బతుకమ్మ, దసరా రోజులలో తాకుతుంది. అమెరికాలోని పెద్ద నగరాలలో తెలుగు సంఘాలు బతుకమ్మ ఆడతాయి గాని, వినిమయ విద్యార్థులు ఎక్కువగా ఉండేది చిన్న పట్టణాలలో. బంధువులు లేదా తెలుగు కుటుంబం ఇంట్లోనే ఉంచమని కొందరు తల్లిదండ్రులు కోరుతుంటారు. భద్రత దృష్ట్యా అది సహజమైన కోరికే అయినా, ఆ పని చేస్తే వినిమయం అన్న మాటకు అర్థం ఉండదు.

ఆటలో తేడాలు

బుట్ట ఎత్తు ఎక్కడైనా 3.05 మీటర్లే. మిగిలినవి అంత సమానం కావు. భారత పాఠశాల పోటీలు అంతర్జాతీయ నియమాల ప్రకారం 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల కోర్టుపై, 10 నిమిషాల చొప్పున నాలుగు భాగాలుగా జరుగుతాయి. అమెరికా ఉన్నత పాఠశాల కోర్టు సాధారణంగా 84 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు, అనగా సుమారు 25.6 మీటర్ల పొడవు మాత్రమే. భాగానికి 8 నిమిషాలు. మూడు పాయింట్ల గీత అంతర్జాతీయ ఆటలో 6.75 మీటర్ల దూరాన ఉండగా, అక్కడి ఉన్నత పాఠశాలలలో 19 అడుగుల 9 అంగుళాల వద్ద, అనగా సుమారు 6.02 మీటర్ల వద్ద ఉంటుంది. దూరం నుండి వేయడం అలవాటైన మన పిల్లలకు ఇది కలిసివచ్చే అంశం.

అంతర్జాతీయ నియమాలలో 24 సెకన్ల లోపు బంతి వేయాలి. అమెరికా ఉన్నత పాఠశాలలలో చాలా కాలం ఇటువంటి గడువు ఎక్కువ రాష్ట్రాలలో లేదు. 2022-23 నుండి 35 సెకన్ల గడువును పెట్టుకొనే అవకాశం రాష్ట్రాలకు ఇచ్చారు. గడువు లేని చోట ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని నిమిషాల తరబడి తమలో తామే అందించుకుంటూ ఉంటే, కొత్తగా వెళ్ళినవారు తికమక పడతారు.

నేల తేడా వీటన్నిటి కంటే ఎక్కువగా శరీరానికి తెలుస్తుంది. ఉత్తర తెలంగాణలో ఆట ఎక్కువగా ఆరుబయట సిమెంటు నేలపై. అక్కడ చెక్క నేల గల మూసిన హాలులో. బంతి ఎగిరే తీరు, ఆగే తీరు మారుతుంది. సిమెంటుపై అరిగిన బూట్లు చెక్కపై జారతాయి. రెండు మూడు వారాల యాత్రలో మొదటి రెండు మ్యాచ్‌లు దీనికే పోతాయి కనుక, ముందుగా హైదరాబాదులోని మూసిన స్టేడియంలో నాలుగు రోజులు ఆడించి తీసుకువెళ్ళడం మేలు.

పాఠశాల కాలం నవంబరు నుండి ఫిబ్రవరి, మార్చి వరకు సాగుతుంది. జట్టులో చోటు కోసం ఎంపిక పరీక్ష ఉంటుంది. ప్రధాన జట్టులో చోటు దొరకని వారు రెండవ జట్టులో ఆడవచ్చును. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల అక్కడి పాఠశాలలు బాలికలకూ సమానంగా అవకాశాలు కల్పించాలి. పట్టణంలో బాలికల మ్యాచ్‌కు జనం టిక్కెట్టు కొని రావడం మన అమ్మాయిలకు కొత్త అనుభవం. ఐరోపాలో మాత్రం ఆట పాఠశాలల చేతిలో కాక స్థానిక క్లబ్బుల చేతిలో ఉంటుంది, జట్టు యాత్రలకు ఆహ్వానాలూ క్లబ్బుల నుండే వస్తాయి.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు

ఈ ప్రాంతంలో గ్రామాల ఆటలు కబడ్డీ, ఖో-ఖో, వాలీబాల్. రెండు గుంజలు పాతి వల కడితే వాలీబాల్ మొదలవుతుంది. బాస్కెట్‌బాల్‌కు సిమెంటు నేల, ఇనుప స్తంభాలు, బోర్డులు కావాలి. అందుచేత ఇది సహజంగానే పట్టణాలకు, కంపెనీ కాలనీలకు, వసతి పాఠశాలలకు పరిమితమైనది. సింగరేణి గనుల పట్టణాలైన గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, ఎన్.టి.పి.సి. రామగుండం కాలనీ, కాగజ్‌నగర్ కాగితపు మిల్లు కాలనీ మైదానాలలో బొగ్గు, విద్యుత్తు, కాగితపు కార్మికుల పిల్లలు రకరకాల ఆటలు నేర్చుకున్నారు. కాగజ్‌నగర్ మిల్లు 2014లో మూతపడి 2018లో తిరిగి తెరచుకున్నది. కంపెనీ నిలిచిపోతే ఆ ఊరి పిల్లల ఆట కూడా నిలిచిపోతుందనడానికి ఆ నాలుగేళ్ళు ఉదాహరణ.

ప్రభుత్వ పరంగా హకీంపేటలో 1993లో ప్రారంభమైన క్రీడా పాఠశాలకు తోడుగా కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రాంతీయ క్రీడా పాఠశాలలు ఉన్నవి. వీటిలో 4వ తరగతిలో ప్రవేశానికి మండల, జిల్లా, రాష్ట్ర స్థాయిలలో పరీక్షలు జరుగుతాయి. ఎత్తు, బరువు కొలిచి, 30 మీటర్ల పరుగు, నిలబడి పొడవు దూకడం, 800 మీటర్ల పరుగు, మెడిసిన్ బంతి విసరడం వంటి వాటికి మార్కులు వేస్తారు. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీలు 14, 17, 19 సంవత్సరాల లోపు విభాగాలలో మండలం నుండి జాతీయ స్థాయి వరకు సాగుతాయి. విదేశీ యాత్రకు పిల్లలను ఎంచుకొనేవారు సాధారణంగా చూసేది ఈ పోటీల ధ్రువపత్రాలనే.

భాష ఇక్కడ పెద్ద అంశం. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండీ, కొలామీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ ఇంటి భాషలుగా గల పిల్లలు ఎందరో. ఉట్నూరు వైపు గోండు బాలికకు తెలుగే బడిలో నేర్చుకున్న భాష, ఇంగ్లీషు ఆ తరువాతది. జె-1 కార్యక్రమాలు ఇంగ్లీషు పరీక్ష పెడతాయి కనుక ఆటలో మేటి అయినా ఇక్కడ ఆగిపోయేవారు ఉంటారు. జట్టు యాత్రలకు ఈ పరీక్ష ఉండదు. రెండు మూడు భాషల మధ్య పెరిగిన పిల్లలు నాల్గవదానికి అంతగా జంకరన్నది కూడా గమనించదగినది. పైగా గురుకులాలలో, ఆశ్రమ పాఠశాలలలో పదేళ్ళ వయస్సు నుండే ఇంటికి దూరంగా ఉన్న పిల్లలు ఆతిథేయ గృహంలో సర్దుకుపోవడంలో పట్టణపు పిల్లల కంటే ముందుంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్ళు నిండక ముందే టిబెట్ వైపు నుండి ఎవరెస్టు ఎక్కినది. ఆ తరువాత గురుకులాల పిల్లలను దూరదేశాలకు పంపడంపై ఉన్న సందేహాలు కొంత తగ్గినవి.

ప్రయాణపు ఏర్పాట్లు

పాస్‌పోర్టు అన్నది కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలలో కొత్త మాట కాదు. గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళిన వారి వల్ల దాదాపు ప్రతి వాడకూ అది తెలుసు. కరీంనగర్‌లో పాస్‌పోర్టు సేవా కేంద్రం, ఆదిలాబాద్‌లో తపాలా కార్యాలయంలోని సేవా కేంద్రం పనిచేస్తున్నవి. మైనర్ల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం అవసరం. తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటే ఆయన అక్కడి భారత రాయబార కార్యాలయంలో ప్రమాణ పత్రం ధ్రువీకరింపజేసి పంపాలి. దీనికి వారాలు పడుతుంది. ఈ ప్రాంతపు జట్లకు చివరి నిమిషంలో ఒకరిద్దరు తగ్గిపోయే ప్రమాదం ఎక్కువగా ఇక్కడనే ఉన్నది. మైనరు పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్ళు లేదా 18 ఏళ్ళు నిండే వరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. బడి రికార్డులోని పుట్టిన తేదీ, జనన ధ్రువపత్రంలోని తేదీ ఒకటేనా అన్నది ముందే చూసుకోవాలి. తేదీలు వేరైతే వయో విభాగపు పోటీలలోనూ, వీసా వద్దనూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది.

హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమై, 2023 మార్చిలో నానక్‌రాంగూడకు మారినది. 2008కి ముందు వీసా కోసం చెన్నై వెళ్ళవలసి వచ్చేది. ఆదిలాబాద్ నుండి హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుండి సుమారు 160 కిలోమీటర్లు. జట్టు మొత్తం ఒకే రోజున ముఖాముఖికి హాజరయ్యేలా చూసుకుంటే ఒక బస్సుతో సరిపోతుంది. ఐరోపా యాత్రలకు షెంగెన్ వీసా కావాలి. అది 180 రోజులలో 90 రోజులకు మించి ఉండనివ్వదు.

చదువు, ధ్రువపత్రాలు

సంవత్సర కాలపు వినిమయంలో అసలు నష్టభయం చదువుది. మన పదవ తరగతి, ఇంటర్మీడియెట్ పరీక్షలు మార్చి ప్రాంతంలో జరుగుతాయి, అక్కడి విద్యా సంవత్సరం మే, జూన్‌లలో ముగుస్తుంది. పదవ తరగతి పూర్తి చేసి వెళ్ళిన విద్యార్థి తిరిగి వచ్చి ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరంలో చేరడం, అనగా ఒక సంవత్సరం వెనుకబడటం సాధారణం. ఈ సంగతి ముందే ఒప్పుకొని వెళ్ళినవారికి బాధ తక్కువ. ప్రభుత్వ నిధులతో జె-1పై వెళ్ళినవారు తిరిగి వచ్చాక రెండేళ్ళు స్వదేశంలో ఉంటేనే వలస వీసాకు, కొన్ని రకాల ఉద్యోగ వీసాలకు అర్హులు అవుతారు.

క్రీడా కోటా ఆశించే తల్లిదండ్రులు మరొక విషయం గుర్తించాలి. ఉన్నత చదువులలోనూ, ఉద్యోగాలలోనూ క్రీడా కోటాకు ప్రభుత్వం గుర్తించిన పోటీల ధ్రువపత్రాలే లెక్కకు వస్తాయి. విదేశంలో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌ల పత్రం ఎంత అందంగా ముద్రించినా దానికి ఆ విలువ రాదు. యాత్ర తేదీలు పాఠశాల సమాఖ్య రాష్ట్ర పోటీల తేదీలతో కలిస్తే పిల్లవాడు నిజంగా నష్టపోతాడు.

విమర్శలు

బాస్కెట్‌బాల్‌లో పొడవైన పిల్లల కోసం వేట ఉంటుంది. అందువలన జె-1 నిబంధనలు విద్యార్థిని ఆట నైపుణ్యాన్ని బట్టి ఏదైనా పాఠశాలలో చేర్చడాన్ని నిషేధించినవి. ఆ కోరిక విద్యార్థిది అయినా, తల్లిదండ్రులది అయినా, పాఠశాలది అయినా నిషేధం నిషేధమే. ‘మీ అబ్బాయిని ఫలానా కోచ్ జట్టులో జె-1పై చేర్పిస్తాం’ అని డబ్బు అడిగేవారి మాట ఆ ఒక్క కారణంతోనే అనుమానించవచ్చును. ఎఫ్-1 వీసాపై అమెరికా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 12 నెలలకు మించి చదవరాదు, పూర్తి ఖర్చు చెల్లించాలి. ప్రైవేటు పాఠశాలలకు ఈ గడువు లేదు, ఫీజులు మాత్రం ఎక్కువ. గుర్తింపు పొందిన కార్యక్రమం ద్వారా వచ్చిన విద్యార్థికి చాలా రాష్ట్రాల క్రీడా సంఘాలు ఒక సంవత్సరం ఆడే అర్హత ఇస్తాయి, ఆ తరువాత ఉండదు.

జట్టు యాత్రలపై వినిపించే విమర్శ వేరు. ఖర్చు కుటుంబాలే భరించవలసి వచ్చినప్పుడు జట్టు ఆటను బట్టి కాక స్తోమతను బట్టి తయారవుతుంది. మొదటి ఐదుగురిలో ఉండవలసిన కూలివాని బిడ్డ ఆగిపోయి, బెంచి మీది పిల్లవాడు విమానం ఎక్కుతాడు. జట్టును ముందు ఎంపిక చేసి, తరువాత విరాళాలు సేకరించి, పిల్లలందరికీ ఒకే మొత్తం నిర్ణయించే పద్ధతి దీనికి ఉన్న సరియైన విరుగుడు. బాలికల జట్టు వెంట మహిళా కోచ్ లేదా సంరక్షకురాలు తప్పనిసరి.

2020 మార్చిలో కరోనా వ్యాప్తి మొదలైనప్పుడు అమెరికా ప్రభుత్వ వినిమయ కార్యక్రమాలు నిలిచిపోయి, ప్రపంచమంతటా విద్యార్థులను మధ్యలోనే ఇళ్ళకు పంపవలసి వచ్చినది. పిల్లలను పంపే సంస్థకు అత్యవసర తిరుగు ప్రయాణపు ఏర్పాటు, వైద్య బీమా ఉన్నవా అని తల్లిదండ్రులు అడగడం అప్పటి నుండి ఎక్కువైనది. మోకాలు, చీలమండ గాయాలు బాస్కెట్‌బాల్‌లో సర్వసాధారణం. కొన్ని ప్రయాణ బీమాలు క్రీడా గాయాలను మినహాయిస్తాయి కనుక పాలసీ పత్రం చదివి తీసుకోవాలి.

ప్రతివినిమయం

వెళ్ళిన జట్టు ఆతిథేయులను తిరిగి పిలిచినప్పుడే వినిమయం పూర్తి అవుతుంది. విదేశీయులకు ఇంట్లో బస ఇచ్చినవారు 24 గంటల లోగా నిర్ణీత ఫారం ద్వారా అధికారులకు తెలియజేయాలి. దీనిని ఇప్పుడు ఆన్‌లైన్‌లో నింపవచ్చును. రామగుండం ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుతుంది కనుక ఆరుబయట కోర్టులపై ఆడించడానికి నవంబరు నుండి జనవరి వరకే అనుకూలం. సంక్రాంతి సెలవులు దీనికి సరిగ్గా కుదురుతాయి. ఇంటింటా సకినాలు చుట్టే రోజులవి. అయితే ఆదిలాబాద్‌లో ఆ నెలలలో రాత్రి చలి పది డిగ్రీల కంటే దిగువకు పడిపోతుంది. భారతదేశమంటే ఎండ మాత్రమే అనుకొని పలుచని బట్టలతో వచ్చే అతిథుల కోసం ఆతిథేయ ఇళ్ళలో దుప్పట్లు అదనంగా సిద్ధం చేసుకోవలసి ఉంటుంది.